పాత పట్టికను నమ్మకు, పూత విప్పి చూడు

బుజ్జమ్మా,

జిల్లాకు పురుగులు, తెగుళ్ల ముప్పు అంచనా తయారుచేసే పని నీకు అప్పజెప్పారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. నువ్వు టెన్షన్ పడుతున్నావట. వ్యవసాయ శాఖలో ఏళ్ల తరబడి ఇదే పని చేసినవాణ్ని కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్తాను. గత పదేళ్ల రికార్డుల సగటు తీసి, "మిరపలో తామర పురుగు: మధ్యస్థం" అని ఏటా రాసేవాణ్ని. తామర పురుగంటే మొక్క రసం పీల్చే సన్నటి పురుగు, పెద్ద వాన పడితే కొట్టుకుపోతుందని మా లెక్క. 2021 నవంబరులో వానలు దంచికొడితే ఇక భయం లేదనుకున్నాను. ఆ తర్వాతే ఖమ్మం, గుంటూరు వైపు చేలల్లో పూత మాడి రాలిపోయింది. మందుల మీద మందులు కొట్టి, చివరికి చేలు దున్నేసిన రైతులున్నారు. మేమేమో ఎప్పటిలాగే ఆకుల్లో పై ముడత కోసం, అంటే పాత తామర పురుగు వల్ల ఆకులు పైకి ముడుచుకోవడం కోసం వెతుకుతున్నాం. వచ్చింది నల్ల తామర పురుగు, అది పూలలో గుంపులుగా చేరుతుంది.

2015లోనే అది బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనపడింది. ఆరేళ్లపాటు పక్క రాష్ట్రంలో ఉన్నా నా పట్టికలో దానికి గడే లేదు. అందుకే మన దగ్గర ఇంకా లేని పురుగులకు ముందుగా గడి పెట్టు. అది మన దాకా రాగలదా, వస్తే మన వాతావరణంలో బతకగలదా, ఏ పంట మీద పడుతుంది, ఎంత నష్టం చేస్తుంది అని ఒక్కోదానికి విడిగా ఆలోచించు.

వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవడమంటే "వేడి పెరుగుతోంది, ముప్పు పెరుగుతుంది" అని ఒక వాక్యం చేర్చడం కాదమ్మా. పురుగు అందిన వేడిని బట్టి ఎదుగుతుంది. మొక్కజొన్న కత్తెర పురుగుకు 28 డిగ్రీల దగ్గర ఒక తరం దాదాపు నెలలో అయిపోతుంది, చలిలో రెండు నెలలు దాటుతుంది. యాసంగిలో చలి తగ్గితే అదే పంటకాలంలో ఇంకో తరం పుట్టే అవకాశం ఉంది. వరి అగ్గి తెగులు సంగతి వేరు. దానికి చల్లటి రాత్రులు, మంచు, ఆకు మీద గంటల తరబడి తడి కావాలి. రాత్రులు వేడెక్కిన చోట అది తగ్గనూవచ్చు. నెల సగటులో ఇవేవీ కనపడవు. ఏ రాత్రి ఎన్ని డిగ్రీలు, వాన ఎన్నాళ్లు ఆగి మళ్లీ పడింది, మంచు ఎన్ని రోజులు కురిసింది, ఇవి తేదీలతో రాసుకో.

రైతు మారడం కూడా లెక్కే. వానలు ఆలస్యమైతే విత్తడం ఆలస్యమవుతుంది, పత్తి జనవరి దాటినా చేలోనే ఉంటుంది. గులాబీ రంగు పురుగుకు కావాల్సింది అదే.

పదేళ్ల తర్వాతి అంచనా అడిగితే, మన జిల్లాకు రాబోయే వాతావరణం ఇవాళ ఎక్కడ ఉందో వెతుకు. అక్కడ ఇప్పుడు ఏ పురుగులు తింటున్నాయో చూడు. ఈ ఏడాది అంచనా, పదేళ్ల అంచనా ఒకే గడిలో కలపకు.

పైవాళ్లు ఒక్క మాటలో చెప్పమంటారు. "ముప్పు ఎక్కువ, నా నమ్మకం తక్కువ" అని రాయడానికి వెనకాడకు. ఎందుకు తక్కువో, ఏం తెలిస్తే పెరుగుతుందో కింద రాయి. పదిహేను రోజులకోసారి దిద్దు, కానీ పాత కాగితం చింపకు. ఎక్కడ తప్పామో అందులోనే దొరుకుతుంది.

దసరా అయ్యాక వస్తాను. అప్పటికి మిరప పూతకొస్తుంది. భూతద్దం నేను తెస్తాను, నువ్వు తెల్ల కాగితాలు పెట్టుకో. పూలు దులిపి పురుగుల్ని ఎలా లెక్కపెట్టాలో చేలోనే చూపిస్తాను.

మీ పెదనాన్న