అద్దం మీద బొట్టుబిళ్ల

చిన్నా,

గుళ్లో ఆత్మప్రదక్షిణం చేస్తూ తూలావనీ, ధ్వజస్తంభం పట్టుకుని ఆగావనీ మరదలు ఫోన్లో చెప్పింది. నువ్వేమో బీపీ అంటున్నావట. చూపించుకో, కూర్చున్నప్పుడూ లేచి నిలబడ్డాకా రెండుసార్లూ చూడమను. కానీ తిరిగేటప్పుడు కళ్లు మూసుకున్నావా?

మనిషి నిలబడేది కాళ్లతో ఒక్కటే కాదురా. కళ్లు, లోచెవి, అరికాళ్లూ కీళ్లూ పంపే కబురు, ఈ మూడూ కలిస్తేనే నిలకడ. వయసుతో మూడూ మందగిస్తాయి. పైగా షుగర్ వల్ల నీ అరికాళ్లు మొద్దుబారాయి. అందుకే నీ బరువంతా చూపు మీదే పడింది. రెప్ప వాల్చావో, ఆ ఊత పోయినట్టే. నా మణికట్టు విరిగిందీ ఇలాగే. మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నాను, అంతే.

కట్టు విప్పాక ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది చెప్తాను. నిలువుటద్దం ముందు, చేతికందేలా బరువైన కుర్చీ పెట్టుకుని, పాదాలు దగ్గరగా చేర్చి నిలబడు. అద్దంలో ముక్కు కనిపించే చోట ఒక బొట్టుబిళ్ల అంటించు. ముక్కు ఆ బిళ్ల దాటకుండా 30 సెకన్లు ఉండాలి, రోజూ నాలుగైదుసార్లు. మొదటిరోజు నేను కదల్లేదనే అనుకున్నాను. అద్దంలో చూస్తే ముక్కు బిళ్లకి అటూ ఇటూ ఊగుతూనే ఉంది! ఎడమ మోకాలి నొప్పికి భయపడి ఎన్నేళ్లుగానో కుడికాలి మీదే వాలి నిలబడుతున్నానని అప్పుడే తెలిసింది. వారం తిరిగేసరికి ఊగడం తగ్గింది.

అయితే అద్దానికే అలవాటు పడిపోకు. అర్ధరాత్రి కరెంటు పోతే అద్దం ఎక్కడ? ముక్కు నిలిచాక అద్దం వదిలేసి, గోడ మీది క్యాలెండర్లో ఒక అంకె చూస్తూ నిలబడు. అదీ కుదిరాక గోడమూలకి వీపు పెట్టి, ముందు కుర్చీ ఉంచుకుని, కాసేపు కళ్లు మూసి అరికాళ్లేం చెబుతున్నాయో గమనించు. మరదలు పక్కన లేకుండా మాత్రం కళ్లు మూయకు, నా మీద ఒట్టు.

స్నానం స్టూలు మీద కూర్చునే చెయ్యి. బాత్రూం దారిలో రాత్రంతా చిన్న బల్బు వెలగనీ. మెట్లు దిగేటప్పుడు నీ రెండు పవర్ల కళ్లద్దాల కింది భాగంలోంచి చూస్తే మెట్టు మసగ్గా కనిపిస్తుంది, దూరం చూపు జోడు వేరే చేయించుకో. శుక్లం ఆపరేషన్ ఇంక వాయిదా వేయకు.

గుళ్లో కళ్లు తెరిచే తిరుగు, మెల్లగా. వచ్చే నెల వస్తున్నాను, ఆ అద్దం ముందు ఇద్దరం నిలబడదాం.

అక్క