పాత కార్లకి ఇంజన్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్ ఎలా ఎంచుకోవాలి?

మీ ప్రశ్న చదివానండి. 1960ల చివర్లో వచ్చిన కారు, పుష్‌రాడ్ ఇంజన్, నాలుగు గేర్ల మాన్యువల్ బాక్స్. మెకానిక్ ఏమో ఫుల్లీ సింథటిక్ 5డబ్ల్యూ-30 పోయించండి, ఇప్పుడొచ్చే వాటిల్లో అదే బెస్టు అన్నాడు, గేర్‌బాక్స్‌లోనూ వెనక డిఫరెన్షియల్‌లోనూ (వెనక చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె) ఒకే 90 ఆయిల్ పోసేద్దాం అన్నాడు, ఇది కరెక్టేనా అని మీ డౌటు. రెండూ వద్దనే చెప్తాను. ఎందుకో కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఎందుకంటే కారణం చెప్పకుండా డబ్బా పేరొక్కటే చెప్తే ఆ డబ్బా దొరకని రోజు మళ్ళీ మొదటికొస్తాం.

నా దగ్గర 1970ల ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉంది, 1798 సీసీ బీ-సిరీస్ ఇంజన్, ఓవర్‌డ్రైవ్ (హైవేలో ఇంజన్ వేగం తగ్గించే అదనపు గేరు) ఉన్న గేర్‌బాక్స్. చాలా ఏళ్ళుగా ఆయిల్ పనులన్నీ నేనే చేసుకుంటున్నా, తెలిసినవాళ్ళ పాత కార్లవి కూడా చేస్తుంటా. వీటితో ఇన్నాళ్ళు తిరిగాక నాకు అర్థమైంది ఏంటంటే ఆయిల్ ఎంత కొత్తది, ఎంత ఖరీదుది అన్నది తర్వాత సంగతి, లోపల ఏ లోహం ఉంది, ఏ భాగం దేని మీద జారుతోంది అన్నది ముందు చూడాలి. ఇంజన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, ఈ మూడింటికీ ఆయిల్ విడివిడిగా ఆలోచించాల్సిందే.

ముందు ఇంజన్. డబ్బా మీద గ్రేడులో మొదటి నంబర్ చలిలో, రెండో నంబర్ వేడెక్కాక చిక్కదనం చెప్తుంది. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడ్ ఆయిల్ 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) మధ్య ఉంటుంది, 50 గ్రేడ్ అయితే 16.3 నుంచి 21.9 మధ్య. అంటే బాగా వేడెక్కిన ఇంజన్‌లో 50తో పోలిస్తే 30 చాలా పల్చన. ఆ కాలం ఇంజన్లలో బేరింగ్ సందులు, ఆయిల్ పంపు అన్నీ చిక్కటి ఆయిల్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి, అందులో 5డబ్ల్యూ-30 పోస్తే లాంగ్ డ్రైవ్ తర్వాత ఐడిల్‌లో ప్రెజర్ ముల్లు కిందకి జారిపోతుంది, పైగా లీకులు మొదలవుతాయి. మోరిస్ మైనర్‌లో ఉండే ఏ-సిరీస్ లాంటి ఇంజన్లలో అయితే క్రాంక్ వెనక రబ్బరు సీల్ కూడా ఉండదు, ఆయిల్‌ని లోపలికి తోసే ఒక స్క్రోల్ గాడి మాత్రమే ఉంటుంది, పల్చటి ఆయిల్ దాన్ని దాటి హాయిగా బయటకొచ్చేస్తుంది. నేను 20డబ్ల్యూ-50 మినరలే వాడతాను, మా కారు హ్యాండ్‌బుక్‌లో కూడా ఉన్న గ్రేడే. సింథటిక్ అంటే చెడ్డదని కాదు, 20డబ్ల్యూ-50లో కూడా సింథటిక్ వస్తుంది, గొడవంతా గ్రేడుతోనూ అందులో కలిపే మందులతోనూ. అలాగని ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదనీ కాదండి. కొత్తగా బోర్ చేసి బిగుతుగా కట్టిన ఇంజన్‌లో, చలి ఎక్కువున్న చోట, మరీ చిక్కటిది పోస్తే పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పైన రాకర్ల దాకా చేరడానికి టైం పడుతుంది. గేజ్‌లో ప్రెజర్ ఎక్కువ చూపించినంత మాత్రాన ఆయిల్ ఎక్కువ పారుతోందని అనుకోకూడదు, రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటే ఆ ఆయిల్ తిరిగి సంప్‌లోకే, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకే పోతుంది. బేరింగులు అరిగిపోయాయని దాచడానికి ఇంకా చిక్కటి ఆయిల్ పోసేవాళ్ళున్నారు, ముల్లు లేస్తుంది తప్ప అరుగుదల ఆగదు.

ఇప్పుడు అసలు విషయం, జింక్. మీ ఇంజన్‌లో వాల్వులని తెరిపించే క్యామ్ షాఫ్ట్ మీద ట్యాపెట్లు రోలర్ లేకుండా నేరుగా ఒరుసుకుంటూ తిరుగుతాయి, ఫ్లాట్ ట్యాపెట్ అంటాం. చిన్న జాగా మీద వాల్వ్ స్ప్రింగుల ఒత్తిడి అంతా పడుతుంది, ఆయిల్ పొర అక్కడ పూర్తిగా నిలవదు. అలాంటి చోట కాపాడేది జెడ్‌డీడీపీ అనే జింక్, ఫాస్ఫరస్ ఉన్న మందు. వేడికీ ఒత్తిడికీ అది లోహం మీద పల్చటి పొరగా ఏర్పడుతుంది, అరుగుదల ఆ పొరకి పడుతుంది, క్యామ్‌కి పడదు. అయితే ఫాస్ఫరస్ పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది, కొత్త ఇంజన్లలో ఎలాగూ రోలర్లు వచ్చేశాయి, అందుకని ఏపీఐ (ఆయిల్ ప్రమాణాలు పెట్టే అమెరికన్ సంస్థ) వాళ్ళు ప్రమాణాలు మారుస్తూ దాన్ని తగ్గించుకుంటూ వచ్చారు. 2004లో వచ్చిన ఎస్‌ఎమ్ అనే ప్రమాణం నుంచి 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి గ్రేడుల్లో ఫాస్ఫరస్ 0.08 శాతం, అంటే 800 పీపీఎం మించకూడదు. ఎస్‌ఎన్, ఎస్‌పీ కూడా అదే దారి. మీ మెకానిక్ బెస్టు అన్న ఆయిల్ మీ క్యామ్‌కి ఎందుకు సరిపోదో ఇక్కడే ఉంది. చాలామందికి తెలియని ఇంకో సంగతి, ఆ హద్దు 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి గ్రేడులకి లేదు. కాబట్టి డబ్బా మీద ఎస్‌ఎన్ అని కనిపించగానే పక్కన పెట్టేయకండి, కంపెనీ డేటా షీట్ తెరిచి జింక్, ఫాస్ఫరస్ ఎంతో చూడండి. 1000 నుంచి 1300 పీపీఎం మధ్య ఉంటే నాకు తృప్తి. పాత కార్ల కోసమే చేసే ఆయిల్స్‌లో ఈ లెక్క తరచుగా డేటా షీట్‌లోనే ఇస్తారు, ఇవ్వకపోతే మెయిల్ పెట్టి అడగండి. విడిగా దొరికే జింక్ సీసాలు మాత్రం నేను పోయను. ఆయిల్‌లో మందులన్నీ ఒక లెక్క ప్రకారం కలిపినవి, మన ఇష్టానికి ఒకటి పెంచితే మిగతావి దెబ్బతింటాయి, జింక్ మరీ ఎక్కువైతే అదే లోహాన్ని తినడం మొదలుపెడుతుంది.

కొత్త క్యామ్ వేయించి ఉంటే మొదటి ఇరవై నిమిషాలు చాలా ముఖ్యం, అసెంబ్లీ పేస్ట్ రాసి, జింక్ ఎక్కువున్న బ్రేక్-ఇన్ ఆయిల్ పోసి, స్టార్టయిన వెంటనే 2000 ఆర్‌పీఎం పైన ఉంచాలి, ఐడిల్‌లో వదలకూడదు. ఐడిల్‌లో క్యామ్ మీదకి ఆయిల్ సరిగ్గా చిమ్మదు.

డిటర్జెంట్ ఆయిల్ (మడ్డిని కడిగే మందు ఉన్నది) గురించి ఒక మాట. దశాబ్దాలుగా విప్పని ఇంజన్, ఫుల్ ఫ్లో ఫిల్టర్ లేనిది, ఇన్నాళ్ళూ డిటర్జెంట్ లేని ఆయిల్ మీదే నడిచింది అయితే ఒక్కసారిగా మార్చకండి, పేరుకున్న మడ్డి ఊడొచ్చి ఆయిల్ దారులు మూసేస్తుంది. సంప్ విప్పి కడిగాక మారిస్తే భయం లేదు. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉన్నవాళ్ళకి కూడా చెప్తున్నా, దానికి పట్టేదే సుమారు రెండున్నర లీటర్లు, ఉన్నది జల్లెడే, ఫిల్టర్ లేదు, అందుకని తొందర తొందరగా మార్చుతూ ఉండటమే మార్గం.

ఇక గేర్‌బాక్స్. 90 అనగానే 50 కన్నా దాదాపు రెండింతలు చిక్కన అనుకుంటారు అందరూ. కాదండి, గేర్ ఆయిల్ నంబర్ల కొలత వేరు, ఇంజన్ ఆయిల్ కొలత వేరు. గేర్ ఆయిల్ 90 చిక్కదనం ఇంజన్ ఆయిల్ 40, 50ల దగ్గరే ఉంటుంది. అందుకే చాలా పాత గేర్‌బాక్సుల్లో ఇంజన్ ఆయిలే పోయమని ఉంటుంది. మా ఎంజీబీ గేర్‌బాక్స్, ఓవర్‌డ్రైవ్ రెండిటికీ కలిపి 20డబ్ల్యూ-50నే. ఓవర్‌డ్రైవ్‌లో కోన్ క్లచ్ పట్టుకోవాలి కాబట్టి జారుడు పెంచే మందులేవీ అందులోకి పోకూడదు. 1959 నుంచి వచ్చిన అసలు మినీలో అయితే గేర్‌బాక్స్ సంప్‌లోనే ఉంటుంది, ఒకే ఆయిల్ రెండు పనులూ చేస్తుంది, గేర్ పళ్ళు ఆయిల్‌లోని పాలిమర్లని నలిపేసి తొందరగా పల్చన చేస్తాయి, అందుకే మినీ వాళ్ళు ఆయిల్ మార్చడంలో బద్ధకించకూడదు.

గేర్ ఆయిలే పోయాలని మాన్యువల్‌లో ఉంటే అప్పుడు అది ఏ రకం, జీఎల్-4నా జీఎల్-5నా అన్నది చూడాలి. మా ఫ్రెండ్ కారు ఒకటి, రెండో గేర్‌లోకి వేస్తుంటే గరగరమనేది. డ్రెయిన్ చేస్తే ఆయిల్‌లో బంగారు రంగు పొడి మెరుస్తోంది, గట్టి గంధకం వాసన. అంతకుముందు ఒక వర్క్‌షాప్‌లో జీఎల్-5 పోశారని బిల్లు చూస్తే తెలిసింది. జీఎల్-5లో గంధకం, ఫాస్ఫరస్ ఉన్న ఎక్స్‌ట్రీమ్ ప్రెజర్ మందులు జీఎల్-4 కన్నా దాదాపు రెట్టింపు ఉంటాయి. ఉక్కు పళ్ళకి అవి రక్షణే, కానీ సింక్రో రింగులు (గేర్ మార్చేటప్పుడు వేగాలు కలిపేవి), బుష్‌లు, థ్రస్ట్ వాషర్లు ఇత్తడివో కంచువో అయితే ఆ మందు చేసిన పొర గట్టిగా అతుక్కుని, ఊడేటప్పుడు మెత్తటి లోహాన్ని కూడా లాక్కుని పోతుంది. ఇంకోటి, సింక్రో రింగ్ పని చేయాలంటే కోన్ మీద కాస్త పట్టు దొరకాలి, మరీ జారిపోతే వేగాలు కలవకముందే గేర్ పడి ఆ చప్పుడొస్తుంది. కడిగి జీఎల్-4 80డబ్ల్యూ-90 పోశాం, గేర్ మార్పు చాలా మెరుగైంది, కానీ అరిగిన రింగు మళ్ళీ పెరగదు కదా, రెండో గేర్ ఇప్పటికీ మెల్లగా వేయాలి. డబ్బా మీద జీఎల్-4/జీఎల్-5 అని రెండూ కలిపి రాసి ఉంటే నేను దాన్ని జీఎల్-5 కిందే లెక్కేసి గేర్‌బాక్స్ జోలికి రానివ్వను.

అదే జీఎల్-5 వెనక డిఫరెన్షియల్‌లో మంచిదే, హైపాయిడ్ అయితే. హైపాయిడ్‌లో పినియన్ క్రౌన్ వీల్ మధ్యకి కాకుండా కిందకి ఉంటుంది, పళ్ళు దొర్లుతూ పక్కకి జారుతూ కూడా ఉంటాయి, అక్కడ ఆ మందులు లేకపోతే పళ్ళు గీసుకుపోతాయి. అక్కడ ఇంజన్ ఆయిల్ పోయకూడదు. కానీ ప్యూజో 404 లాంటి వాటిలో డిఫరెన్షియల్ వర్మ్ డ్రైవ్, కంచు చక్రం ఉంటుంది, దానికి దాని ఆయిలే. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా ఆపే రకం) ఉంటే ఫ్రిక్షన్ మాడిఫయర్ ఉన్నది కావాలి, లేకపోతే మలుపుల్లో కటకటమంటుంది.

మార్చే టైం గురించి, పాత కారు తక్కువ తిరుగుతుంది కాబట్టి కిలోమీటర్ల లెక్క ఒక్కటే చూడొద్దు. చోక్ వేసి స్టార్ట్ చేసి కాసేపు తిప్పి ఆపేస్తే పెట్రోలు, నీటి ఆవిరి ఆయిల్‌లో దిగి ఆమ్లాలు తయారవుతాయి. నేను 5000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ పని పెట్టుకుంటే డ్రెయిన్ ప్లగ్ కన్నా ముందు ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకోండి, అది బిగుసుకుపోయి ఉంటే ఆయిలంతా వదిలేశాక నింపడానికి దారి ఉండదు.

మీ కారు మోడల్, ఏడాది, ఓవర్‌డ్రైవ్ ఉందా లేదా, ఇంజన్ ఎప్పుడైనా విప్పారా అన్నది కింద రాయండి, దాన్ని బట్టి మూడు చోట్లకీ గ్రేడులు కరెక్టుగా చెప్తాను. అప్పటిదాకా ఆ 5డబ్ల్యూ-30 డబ్బా తెరవకండి.