రోమన్ గాజు గిన్నెని ఎలా చూడాలంటే

చిట్టీ,

శనివారం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకి వెళ్తున్నావని, రోమన్ల పువ్వుల గాజు గిన్నెలు చూస్తావని మీ అమ్మ చెప్పింది. ఇంట్లో చిన్న కిల్న్ పెట్టుకుని ఏళ్ల తరబడి గాజు కరిగిస్తున్నదాన్ని కదా, ఒక మాట చెప్తాను విను.

వెళ్లగానే ఫోన్ తీయకు. కాస్త వంగి, గిన్నె అంచు నీ కళ్లకి సమంగా వచ్చేలా నిలబడు. ఆ పువ్వులు పైన వేసిన బొమ్మలు కావు, గాజు మందం పొడుగునా ఉంటాయి. మడత కాజాకి పిండి పొరలుగా చుట్టి అడ్డంగా కోస్తే ప్రతి ముక్కలోనూ అదే చుట్ట కనిపిస్తుంది చూడు, వీళ్లూ అలాగే రంగురంగుల గాజుని పొరలుగా పేర్చి, వేడి మీద సన్నని కడ్డీగా సాగదీసి, అడ్డంగా బిళ్లలు కోసేవాళ్లు. కడ్డీ ఎంత సన్నబడినా లోపలి పువ్వు చెదరదు, చిన్నదవుతుందంతే! నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించేది అక్కడే. ఆ బిళ్లల్ని పక్కపక్కనే పేర్చి, అతుక్కునేదాకా కాల్చి, మెత్తబడ్డ ఆ పలకని అచ్చు మీద గిన్నెగా వంచేవాళ్లు. అందుకే కొన్ని పువ్వులు సాగి వంకరపోయి ఉంటాయి. వాటిని లోపం అనుకోకు, గాజు ఎటు జారిందో చెప్పేవి అవే. కొన్నిటికి అంచు చుట్టూ మెలితిప్పిన గాజు పోగు ఉంటుంది, అది మాత్రం వదలకుండా చూడు.

రెండు రకాల గాజు కలిపి కాల్చి, చల్లారాక టప్పుమని పగిలిపోయి నేను ఎన్నిసార్లు ఏడ్చానో. రెండూ ఒకేలా కుంచించుకోకపోతే అంతే. రోమన్ల గాజుకి మూలం ఎక్కువగా ఇసుక, ఈజిప్టు నాట్రాన్, అంటే అక్కడ సహజంగా దొరికే సోడా. నీలానికి కోబాల్ట్, ఊదాకి మాంగనీస్, పాలతెలుపుకి యాంటిమొనీ కలిపేవాళ్లు. థర్మామీటర్ లేకుండా కొలిమి రంగు చూసి ఇంత పని చేశారంటే వాళ్లకి దండం పెట్టాలనిపిస్తుంది.

వీటికి మంచి రోజులు క్రీ.పూ. 1వ శతాబ్దం చివరి నుంచి క్రీ.శ. 1వ శతాబ్దం మధ్య దాకా. ఈలోగా సిరియా, పాలస్తీనా వైపు నుంచి గొట్టంతో గాజు ఊదే పద్ధతి వచ్చి, గ్లాసులు చవకగా, చకచకా తయారవడంతో ఇంత ఓపిక పని తగ్గిపోయింది.

ఇంకోటి, పైన ఇంద్రధనుస్సులా మెరిసే పొర కనిపిస్తే అది పనివాడు పెట్టింది కాదు, మట్టిలో ఉండి గాజు పాడైనందువల్ల వచ్చింది.

అన్నీ చూడాలని పరిగెత్తకు. ఒక్క గిన్నె, అందులో ఒక్క పువ్వు. దాని కడ్డీలో ఏ రంగు మీద ఏ రంగు చుట్టారో ఆలోచించి పెన్సిల్‌తో గీసి నాకు పంపు.

నీ పెద్దమ్మ