నాన్నని పుపుసాలకి తీసుకెళ్తున్నావంట

అమ్మలూ,

మీ అమ్మ ఫోన్లో చెప్పింది, ఈ ఆదివారం వాళ్ళిద్దర్నీ హెర్న్‌డన్‌లో మీ ఇంటి పక్కనున్న ఎల్ సాల్వడోర్ దేశం వాళ్ళ హోటల్‌కి తీసుకెళ్తున్నావంట. నంద్యాల దాటితే చాలు పెరుగన్నం ఎక్కడ దొరుకుతుందా అని వెతికే మా అన్నయ్యకి నువ్వు పుపుసా, అదే లోపల కూరి కాల్చే మొక్కజొన్న రొట్టె, తినిపిస్తానంటే ఎంత సంతోషమేసిందో, ఆ వెంటనే భయం కూడా పట్టుకుంది, అందుకే రాత్రి పదకొండైనా కూర్చుని టైప్ చేస్తున్నా.

చేత్తోనే తినాలి. మెక్సికన్ హోటల్ అనొద్దు, వాళ్ళది వేరే దేశం.

మీ నాన్న పంది ముట్టడు కదా, రెవ్వెల్తా అని ఉన్నది ఆర్డర్ చెయ్యొద్దు, దాన్లో చీజ్, బీన్స్‌తో పాటు చిచరోన్ ఉంటుంది, అంటే పంది మాంసం మెత్తగా రుబ్బి లోపల పెడతారు, చూస్తే తెలీదు. ఊరికే నో మీట్ అంటే చాలదు, చిచరోన్ వద్దని పేరుపెట్టి చెప్పు. బీన్స్‌ కొన్నిచోట్ల పంది కొవ్వుతో వేయిస్తారు, అదీ అడుగు. చీజ్, లొరోకో ఉన్నది చెప్పుకోండి, లొరోకో అంటే ఒక తీగకి పూసే మొగ్గలు, వాసన భలే ఉంటుంది. అన్నీ ఒకే పెనం మీద కాలుస్తారని వదినకి ముందే చెప్పెయ్, తర్వాత తెలిస్తే వారం రోజులు బాధపడుద్ది.

ఇప్పుడు అసలు సంగతి. ఆర్డర్ చెప్పినాక పుపుసాలు రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. మీ నాన్నకి షుగర్, ఆకలైతే కోపం, ఇంట్లోనే రెండు ఇడ్లీలు పెట్టి తీసుకెళ్ళు.

ఎందుకింతగా చెప్తున్నానంటే, మేం మేరీలాండ్‌లో వీటన్‌కి కొత్తగా వచ్చినప్పుడు ఒక శనివారం మీ మామయ్యా నేనూ పిల్లలూ ఇలాంటి చిన్న హోటల్‌కే పోయినాం. ఆరు చెప్పినాం. పది నిమిషాలు, పదిహేను, మా తర్వాత వచ్చినోళ్ళు పొట్లాలు తీసుకుని పోతున్నారు, మా బల్ల మీదికి ఏమీ రాలే. స్పానిష్ రాదని మమ్మల్ని పక్కన పెట్టినారనుకున్నా. పిల్లల చెయ్యి పట్టుకుని లేచి బయటికొచ్చేసినా. కారు రివర్స్ తీస్తుంటే పుపుసాలు చేసే ఆమె బయటికి పరిగెత్తుకొచ్చింది, చేతులకి పిండి అట్లే ఉంది, చేతిలో డబ్బా. మీ మామయ్య ఆపబోతే పోనియ్ అన్నా. ఆమె అట్లే నిలబడి చూస్తా ఉండిపోయింది.

తర్వాత ఆఫీసులో సాల్వడోర్ ఆవిడ ఒకామె చెప్పింది, వాళ్ళు ముందే ఫోన్లో చెప్పుకుని వచ్చి తీసుకెళ్తారంట, మనలా కూర్చునేవాళ్ళకి అప్పుడే పిండి తీసి, లోపల కూరి, రెండు చేతుల మధ్య తడతారంట. తడతారు అనగానే నాకు మీ అవ్వ గుర్తొచ్చింది. పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతుంటే ఆ చప్పుడు వింటా ఆకలితో కూర్చునేవాళ్ళం, ఒక్కరోజన్నా లేచి పోయినామా? ఆ రాత్రి నిద్రపట్టలే.

నాలుగు నెలలకి గానీ మళ్ళీ పోలేకపోయినా. ఆరు పుపుసాల డబ్బులు ఆమె ముందు పెట్టినా. వాళ్ళమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది, అవి ఆ రోజు మేమే తినేసినాంలే ఆంటీ, డబ్బులొద్దు అంటోంది మా అమ్మ అని. నేను ఏడ్చేసినా.

గోడమీద కళ్ళద్దాల ఫాదర్ ఫోటో ఉంటే నాన్న ఎవరని అడుగుతాడు, ఆర్చ్‌బిషప్ రొమేరో అని చెప్పు, పేదల తరఫున మాట్లాడినందుకు 1980లో పూజ చేస్తుండగానే కాల్చేసినారు. వాళ్ళ దేశంలో అంతర్యుద్ధం 1992 దాకా సాగింది, అది తప్పించుకునే చాలామంది ఈ వాషింగ్టన్ చుట్టుపక్కలకి వచ్చి స్థిరపడినారు.

సన్నగా తరిగిన క్యాబేజీ వస్తుంది, కుర్తీదో అంటారు, పులుపు. పుపుసా మీద బాగా వేసుకుంటేనే రుచి. టమాటా సాస్‌లో కారం ఉండదు, మీ నాన్న పచ్చిమిరపకాయ అడుగుతాడు, ఇంటి నుంచి రెండు బ్యాగులో పెట్టుకో బంగారూ. లోపల చీజ్ మసులుతా ఉంటుంది, వదిన తొందరపడితే నాలిక కాలుద్ది, నువ్వు చీల్చి ఆరబెట్టివ్వు, చిన్నప్పుడు నీకు ఆమె ఇచ్చినట్టు.

బిల్లు మీ నాన్న లాక్కుంటాడు, ఇవ్వొద్దు. టిప్పు నగదుగా పెట్టు. తినంగానే నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రైనా సరే, అన్నయ్య ఎన్ని తిన్నాడో చెప్పు.

మీ అత్త