టెక్ సందేహాలు: ల్యాప్‌టాప్‌లో బానే ఉంది, నెట్‌వర్క్ ఎక్కితేనే తంటా

సందేహం: సొంతంగా ఓ చిన్న మెసేజింగ్ ప్రోటోకాల్ తయారు చేసుకున్నాను. కంప్యూటర్ల మధ్య డేటాను వరస తప్పకుండా చేరవేసే టీసీపీ మీద నడుస్తుంది. క్లయింట్, సర్వర్ ఒకే ల్యాప్‌టాప్‌లో నడిపినంతసేపూ ఒక్క తప్పూ దొరకలేదు. రెండు వేర్వేరు కంప్యూటర్లలో పెట్టగానే పెద్ద మెసేజ్‌లు సగమే వస్తున్నాయి. ఒక్కోసారి రెండు మెసేజ్‌లు అతుక్కుని వస్తున్నాయి. సాయం అడిగితే ‘వివరాలు చాలవు’ అంటున్నారు. ఇంకేం వివరాలు ఇవ్వాలి?

జవాబు: సగం రావడం, అతుక్కుని రావడం... ఈ రెండూ చాలు, జబ్బేమిటో తెలిసిపోతోంది. మెసేజ్ అంటే ఏమిటో టీసీపీకి తెలియదు. దానికి తెలిసిందల్లా బైట్ల వరసే. ఇటు ఒకసారి ‘సెండ్’ పిలిస్తే అటు ఒకసారి ‘రిసీవ్’ పిలిస్తే సరిపోతుందని మీ ప్రోగ్రాం నమ్ముకుని ఉంటుంది. ఈథర్‌నెట్ ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ పరిమాణం, మామూలుగా 1,500 బైట్లు. ఐపీ, టీసీపీ హెడర్లకు కనీసం 40 పోతే మీ డేటాకు మిగిలేది 1,460. కాబట్టి 3,000 బైట్ల మెసేజ్ ముక్కలుగానే వెళ్తుంది. అదే లినక్స్ లూప్‌బ్యాక్‌లో, అంటే కంప్యూటర్ తనతో తానే మాట్లాడుకునే దారిలో, ఎంటీయూ 65,536. అందులో మీ మెసేజ్ మొత్తం ఒక్క గుక్కలో పోయింది, తప్పు బయటపడలేదు.

ప్రతి మెసేజ్‌కు ముందు దాని పొడవును 4 బైట్లలో పంపండి, పెద్ద బైటు ముందు వచ్చే వరసలో. అవతల ఆ పొడవు నిండేదాకా చదువుతూనే ఉండాలి. అలాగని వచ్చిన పొడవును గుడ్డిగా నమ్మకండి, దానికో గరిష్ఠ హద్దు పెట్టండి. 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ భద్రతా లోపం గుర్తుందా? అవతలివాళ్లు చెప్పిన పొడవును ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ సరిచూడకపోవడం వల్ల ఒక్కో అభ్యర్థనకు 64 కేబీ దాకా మెమరీ బయటికి పోయింది.

ఇక పరీక్ష. దీనికి రెండో కంప్యూటరే అక్కర్లేదు. మెసేజ్‌ను విడదీసే కోడ్‌ను సాకెట్ (ప్రోగ్రాంను నెట్‌వర్క్‌తో కలిపే భాగం) నుంచి వేరు చేసి, బైట్లను నేరుగా దానికే అందించండి. 50 బైట్ల మెసేజ్‌ను రెండు ముక్కలు చేయడానికి 49 చోట్లున్నాయి. 49 చోట్లా కోసి చూడండి. పొడవు చెప్పే 4 బైట్ల మధ్య కోత పడ్డప్పుడే చాలా ప్రోగ్రాములు బోల్తా పడతాయి. తర్వాత రెండు మెసేజ్‌లు కలిపి ఒకేసారి ఇవ్వండి, ఆపైన రెండున్నర.

ఇవన్నీ దాటాక, నెట్‌వర్క్ ఇబ్బందులను కావాలని కల్పించే లినక్స్‌లోని నెట్‌ఎమ్‌తో లూప్‌బ్యాక్‌లోనే 100 మిల్లీసెకన్ల ఆలస్యం, ఒక శాతం ప్యాకెట్ల నష్టం పెట్టండి. పోయిన ప్యాకెట్లను టీసీపీయే మళ్లీ పంపుకుంటుంది కాబట్టి మీకు కనిపించేది ఆలస్యమే. మీ టైమవుట్ల సంగతి అప్పుడు తేలుతుంది. లూప్‌బ్యాక్‌లో రానూపోనూ రెండు దిక్కులా ఆలస్యం పడుతుంది, వెళ్లి వచ్చే సమయం కొలిచే పింగ్‌లో 200 కనిపిస్తే కంగారు పడకండి. పని కాగానే నెట్‌ఎమ్‌ను తీసేయండి. నేను ఓసారి మరిచిపోయి, అన్నీ ఎందుకు నత్తనడక నడుస్తున్నాయా అని ఓ పూటంతా వెతుక్కున్నాను.

అప్పటికీ తెగకపోతే సాయం అడగండి. ‘పనిచేయడం లేదు’ అన్న మాటతో ఎవరూ ఏమీ చేయలేరు. తప్పు జరుగుతుండగా రెండు వైపులా టీసీపీడంప్‌తో క్యాప్చర్ (వచ్చేపోయే ప్యాకెట్ల నకలు) తీసి, ఆ ఫైళ్లనే పంపండి. స్క్రీన్‌షాట్ వద్దు, అందులో వెతకడానికి ఏమీ ఉండదు. ఎన్నో నంబరు ప్యాకెట్ దగ్గర తేడా వచ్చిందో, అక్కడ ఏం రావాలో, ఏం వచ్చిందో రెండు ముక్కల్లో రాయండి. ఆపరేటింగ్ సిస్టమ్, లైబ్రరీల వెర్షన్లు చెప్పండి. ప్రోగ్రాంను ఆ తప్పు మాత్రం మిగిలేలా కుదించి ఇవ్వండి. సగంమందికి ఆ కుదించే పనిలోనే జవాబు దొరికిపోతుంది. ఒక్క జాగ్రత్త: ఎన్‌క్రిప్షన్ లేకపోతే పాస్‌వర్డ్‌లు కూడా క్యాప్చర్‌లో ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ఉత్తుత్తి డేటాతో తీసిందే పంపండి.

సందేహం: ప్యాకెట్లను విప్పి చూపే వైర్‌షార్క్‌లో నేను పంపే ప్యాకెట్లన్నిటికీ చెక్‌సమ్ (డేటా చెడిందేమో పట్టిచ్చే లెక్క) తప్పని చూపిస్తోంది. కొన్ని 1,500 కంటే పెద్దగానూ ఉన్నాయి. నా సాఫ్ట్‌వేర్ తప్పా?

జవాబు: కాదు. చెక్‌సమ్ లెక్కకట్టడం, పెద్ద ముక్కను చిన్నవి చేయడం ఈమధ్య నెట్‌వర్క్ కార్డే చూసుకుంటోంది. ప్యాకెట్ కార్డుకు చేరకముందే వైర్‌షార్క్ దాని నకలు తీసుకుంటుంది. వండకముందే రుచి చూసినట్టన్నమాట. అవతలి కంప్యూటర్‌లో క్యాప్చర్ తీయండి, చెక్‌సమ్‌లు సరిగ్గా ఉంటాయి. టీసీపీ చెక్‌సమ్ తనిఖీ వైర్‌షార్క్‌లో మామూలుగా ఆపేసే ఉంటుంది. మీరే ఎప్పుడో ఆన్ చేసి ఉంటారు.

సందేహం: టీసీపీ పరీక్షలు రాయడానికి దాని ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 793 చదువుతున్నాను. సరిపోతుందా?

జవాబు: అది 1981 నాటిది. 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9293 దాని స్థానాన్ని తీసుకుంది. మధ్యలో వచ్చిన సవరణలు అందులో కలిసి ఉన్నాయి. పరీక్షలు దాన్ని చూసి రాయండి.