అమ్మ చేతికి కట్టగానే తప్పిన లెక్క

ప్రశ్న: నేను కర్నూలు జిల్లాలో స్టాఫ్ నర్సుని. 19 ఏళ్ల సర్వీసు. మా అమ్మాయి బీటెక్ ఈసీఈ, ఇప్పుడు ఫైనలియర్‌లోకి వస్తోంది. చేతికి కట్టుకునే సెన్సర్ పట్టీ చేసి, మనిషి చేతులు సరిగ్గా శుభ్రం చేసుకున్నాడా లేదా అని మెషిన్ లెర్నింగ్‌తో చెప్పే ప్రాజెక్టు చేస్తోంది. కాలేజీలో 97 శాతం కరెక్టుగా వచ్చిందట. ఇంటికి తెచ్చి నా చేతికి కట్టింది. డ్యూటీలో చేసినట్టే శానిటైజర్ రుద్దుకున్నాను, ‘కడగలేదు’ అని చూపించింది. చపాతీ పిండి కలుపుతుంటే ‘కడిగారు’ అంది. పిల్ల రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అయినా ఈ లైన్‌లోనే వెళ్తానంటోంది. వాళ్ల నాన్నేమో ఇవన్నీ పక్కన పెట్టి హైదరాబాద్‌లో ఫుల్ స్టాక్ (వెబ్‌సైట్లు, యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) కోర్సులో చేరమంటున్నారు. ఈ లైన్‌కి భవిష్యత్తు ఉందా? ఇంకో సంగతి. ఇలాంటివి వస్తే మాలాంటి నర్సుల మీద నిఘా పెట్టడానికే కదా అని లోపల బాధగా ఉంది. ఆ మాట అమ్మాయితో అనలేకపోతున్నాను.

జవాబు: అమ్మా, ఆ పట్టీ మీ చేతికి తప్పడం ఆ ప్రాజెక్టుకి ఇప్పటిదాకా జరిగిన మేలు. అమ్మాయికి ముందు ఈ మాట చెప్పండి. ఆ 97 శాతాన్నే పట్టుకుని వైవాకి వెళ్లి ఉంటే మార్కులు వచ్చేవి, విషయం మాత్రం తెలిసేది కాదు. ఎందుకు తప్పిందో కాస్త వివరంగా చెబుతాను. మీ మిగతా ప్రశ్నల జవాబులు కూడా అందులోంచే వస్తాయి.

ఆ పట్టీలో ఉండేవి మామూలుగా రెండు. చెయ్యి ఎటు ఎంత జోరుగా కదిలిందో చెప్పే యాక్సెలరోమీటర్, ఎంత తిరిగిందో చెప్పే గైరోస్కోప్. సెకనుకి 50 సార్లో 100 సార్లో కొలతలు వస్తాయి. వాటిని రెండు మూడు సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క రుద్దుడా కాదా అని మోడల్‌కి, అంటే కొలతలు చూసి నిర్ణయం చెప్పే ప్రోగ్రాముకి, నేర్పుతారు. ఒక ముక్కలో సగం తర్వాతి ముక్కలోనూ ఉండేలా కోయడం మామూలు. చాలామంది విద్యార్థులు పొరపాటు చేసేది ఇక్కడే. నలుగురైదుగురు స్నేహితుల దగ్గర డేటా తీసుకుని, ముక్కలన్నీ కలగలిపి, కొన్నిటితో నేర్పి, మిగతావాటితో పరీక్ష పెడతారు. పరీక్షలో ఉన్న ముక్కలో సగం నేర్పిన ముక్కలోనే ఉంటుంది, మనిషీ అదే మనిషి. ముందురోజే పేపరు చూసి పరీక్ష రాసినట్టు అన్నమాట. మీ చెయ్యి ఆ మోడల్ ఎప్పుడూ చూడని చెయ్యి. 19 ఏళ్ల అలవాటుతో వేగంగా, క్రమంగా రుద్దే చెయ్యి. అది కంగారుపడింది.

దీనికి మందు తెలిసిందే. ఒక మనిషి డేటా మొత్తాన్ని పక్కన పెట్టి, మిగతావాళ్లతో నేర్పి, ఆ పక్కన పెట్టిన మనిషి మీద పరీక్షించాలి. అలా ఒక్కొక్కరినీ వంతులవారీగా పక్కన పెట్టాలి. నడక, కూర్చోవడం, మెట్లెక్కడం లాంటివి గుర్తుపట్టడానికి ప్రపంచమంతా విద్యార్థులు వాడే యూసీఐ (అమెరికాలో ఒక యూనివర్సిటీ) డేటాసెట్, అంటే సేకరించి పెట్టిన కొలతల మూట, ఒకటుంది. అందులో 30 మంది నడుముకి ఫోను కట్టుకుని చేసిన కదలికలున్నాయి. 21 మందిని నేర్పడానికీ, 9 మందిని పరీక్షకీ విడిగా ఉంచారు. వేరుచేసింది మనుషుల్ని అన్నది అమ్మాయి ఒకసారి గమనించాలి. ఇలా చేస్తే 97 కాస్తా 80కో, ఇంకా కిందికో దిగవచ్చు. దిగనివ్వండి. ఆ అంకె నిజమైనది.

శాతం అన్న మాట ఎంత మోసం చేస్తుందో మీకొక చిన్న లెక్కతో చూపిస్తాను. ఎనిమిది గంటల డ్యూటీని 2.56 సెకన్ల ముక్కలుగా, సగం సగం కలిసేలా కోస్తే 22,500 ముక్కలవుతాయి. డ్యూటీలో మీరు 40 సార్లు, ఒక్కోసారి 25 సెకన్ల చొప్పున చేతులు రుద్దుకున్నారనుకుందాం. అవి సుమారు 800 ముక్కలు. ఇప్పుడు ఏ సెన్సరూ లేకుండా, ‘ఈమె ఒక్కసారి కూడా చేతులు శుభ్రం చేసుకోలేదు’ అని కళ్లు మూసుకుని చెప్పే యంత్రం ఒకటుంటే, అది కూడా 96 శాతం ముక్కల్లో కరెక్టే! అందుకని శాతం అడగొద్దు. ఆ 40 సార్లలో ఎన్ని పట్టుకుంది, ఎన్నిసార్లు లేనిపోనిది ఉందని చెప్పింది, ఈ రెండూ విడివిడిగా చెప్పమనండి. ఇంటర్వ్యూలో ఈ ఒక్క లెక్క నోటితో చెప్పగలిగితే అవతల కూర్చున్నవాళ్లు నిటారుగా అవుతారు. ఇది నేను ఊరికే అనడం లేదు, నా దగ్గరికి వచ్చిన పిల్లల విషయంలో చూశాను.

ఇక పిండి సంగతి. చపాతీ పిండి కలపడం, గిన్నెలు తోమడం, బట్టలు పిండడం, బియ్యం కడగడం, కాళ్లకి నూనె రాసుకోవడం, ఇవన్నీ మణికట్టు దగ్గర చూస్తే చేతులు రుద్దుకోవడానికి దగ్గరి చుట్టాలే. కాలేజీలో నేర్పినప్పుడు ‘కడగడం కానివి’ అంటే నడవడం, టైపు చేయడం, ఊరికే కూర్చోవడం పెట్టి ఉంటారు. అది చాలా తేలిక పరీక్ష. మన ఇళ్లలో, మన వార్డుల్లో చేతులు చేసే పనులన్నీ ఆ ‘కానివి’ జాబితాలో పడాలి. 2020లో ఆపిల్ కంపెనీ తన వాచీలో చేతులు కడగడం గుర్తించే సదుపాయం పెట్టినప్పుడు కదలికతో పాటు మైకులో నీళ్ల చప్పుడు కూడా విని పోల్చేలా చేసింది. ఒట్టి కదలికని నమ్ముకోవడం ఎంత కష్టమో అక్కడే తెలుస్తోంది. ఆస్పత్రిలో ఎక్కువగా వాడేది శానిటైజర్. దానికి నీళ్ల చప్పుడూ ఉండదు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. అది మీకు మా అందరికంటే బాగా తెలుసు. చేతులు శుభ్రం చేసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఐదు సందర్భాలు మీ వార్డు గోడ మీద ఉండే ఉంటాయి: రోగిని తాకే ముందు, సూది, కాథెటర్ లాంటి పని చేసే ముందు, రక్తమో ఒంట్లోని మరో ద్రవమో చేతికి అంటుకునే ప్రమాదం ఉన్న పని తర్వాత, రోగిని తాకాక, రోగి చుట్టూ ఉన్న మంచం, బల్ల వంటివి తాకాక. పట్టీ చెప్పగలిగింది చేతులు రుద్దుకున్నారు అన్నదొక్కటే. ఎప్పుడు రుద్దుకోవాల్సి ఉందో దానికి తెలియదు. మూడో బెడ్ దగ్గర్నుంచి నాలుగో బెడ్‌కి వెళ్లేటప్పుడు మధ్యలో జరిగిందా, లేక డ్యూటీ దిగేటప్పుడు జరిగిందా అన్నది తెలియకపోతే ఆ లెక్క ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్‌కి ఎందుకూ పనికిరాదు. అందుకే విదేశాల్లో ఇలాంటి వ్యవస్థలు పెట్టినచోట శానిటైజర్ డిస్పెన్సర్‌కి ఒక సెన్సర్, మంచం దగ్గరో గుమ్మం దగ్గరో ఒకటి, సిబ్బంది బ్యాడ్జికి ఒకటి పెట్టి, మూడింటినీ కలిపి చూస్తుంటారు. అసలు మణికట్టుకే పెట్టొచ్చా అన్నది కూడా ఆలోచించాలి. ఇంగ్లండ్‌లో 2007లోనే రోగుల దగ్గర పనిచేసేవాళ్లకి మోచేతి కింద చేతి గడియారం కూడా వద్దన్నారు, చేతులు మణికట్టు దాకా సరిగ్గా శుభ్రం కావాలని. చేతుల శుభ్రతని కొలిచే పట్టీయే ఆ శుభ్రతకి అడ్డం వస్తే ఏం లాభం? అమ్మాయి సెన్సర్‌ని నర్సింగ్ విద్యార్థుల శిక్షణ గదికి పరిమితం చేస్తే బాగుంటుందని నా అభిప్రాయం. అక్కడ పట్టీ కట్టొచ్చు. అరచేయి, చేతి వెనక, వేళ్ల సందులు, బొటనవేలు, వేళ్ల కొసలు, ఈ మెట్లలో ఏది వదిలేశారో అప్పటికప్పుడు చెప్పొచ్చు. ఎక్కువమంది మర్చిపోయేది బొటనవేలూ, వేళ్ల కొసలూ అని మీరే ఎంతమందికి చెప్పి ఉంటారో!

ఇప్పుడు వాళ్ల నాన్నగారి మాట. ఆయన భయం న్యాయమైనదే. ‘చేతుల శుభ్రత కొలిచే ఇంజనీర్ కావాలి’ అని మన దగ్గర ప్రకటనలు పడవు. దీన్నే ఉద్యోగంగా అనుకుని కూర్చుంటే నిరాశే మిగులుతుంది. కానీ ఈ ప్రాజెక్టు బాగా చేసిన పిల్లకి చేతికొచ్చే పనులు చూడండి: సెన్సర్‌ని బోర్డుకి కలిపి, బ్యాటరీ అయిపోకుండా నడపడం, గందరగోళంగా వచ్చే కొలతల్ని శుభ్రం చేయడం, చిన్న చిప్‌లో పట్టేలా మోడల్‌ని కుదించడం, మనుషుల దగ్గర డేటా పద్ధతిగా సేకరించడం. ఇవి స్మార్ట్ వాచీలు చేసేవాళ్లకి కావాలి, వైద్య పరికరాల కంపెనీలకి కావాలి, కార్లలో, ఫ్యాక్టరీ మోటార్లలో అదురు చూసి లోపం కనిపెట్టేవాళ్లకీ కావాలి. ఈసీఈ చదివిన పిల్లని ఇందులోంచి లాగేసి ఫుల్ స్టాక్ కోర్సులో పెడితే, నాలుగేళ్లు చదివిన సిగ్నల్స్ అంతా అటకెక్కుతుంది. కోర్సు ఫీజు కట్టొద్దు. అయితే క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో కోడింగ్ పరీక్ష తప్పదు కాబట్టి రోజూ ఒక గంట ప్రోగ్రామింగ్ లెక్కలు చేయాలి. పైథాన్, సీ రెండూ గట్టిగా రావాలి. ప్లేస్‌మెంట్లకి కూర్చోవాలి, వచ్చిన ఆఫర్‌ని వదులుకోకూడదు. నాన్నగారికి ఈ హామీ అమ్మాయే స్వయంగా ఇస్తే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

పైచదువు వైపు మొగ్గితే, ఎంటెక్ ప్రవేశాలకి రాసే గేట్ పరీక్షలో 2020 నుంచి బయోమెడికల్ ఇంజనీరింగ్‌కి విడి పేపరు ఉంది. ఈసీ (ఎలక్ట్రానిక్స్) పేపరు రాసి కూడా ఈ వైపు వచ్చేవాళ్లున్నారు. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజనీరింగ్ విభాగం ఉంది. గుండె కవాటాన్ని మన దేశంలోనే తయారుచేసిన తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ ఉంది. విశాఖపట్నంలో మెడ్‌టెక్ జోన్ ఉంది, వైద్య పరికరాల తయారీ, పరీక్షలు ఒకేచోట జరుగుతాయి. అక్కడ ఇంటర్న్‌షిప్‌కి ఇప్పట్నుంచే అడగడం మొదలుపెట్టమనండి. ఇంకో దారి చాలామందికి తట్టదు: మన దేశంలో 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్ ప్రకారం పరికరాన్ని అమ్మాలంటే అది పనిచేస్తుందని రుజువు చూపాలి. ఆ రుజువులు కూడగట్టే పని, కాగితాలు సిద్ధం చేసే పని తెలిసిన ఇంజనీర్ల అవసరం ఉంటుంది. మీ అమ్మాయికి ‘నా పరికరం ఎక్కడ తప్పింది’ అని వెతికే అలవాటు ఇప్పుడే మొదలైంది కదా, ఆ పనికి అదే పెట్టుబడి.

చివరగా మీ బాధ. దాన్ని దాచుకోవద్దమ్మా. మూడేళ్ల కిందట మా నాన్నగారు ఐసీయూలో 11 రోజులు ఉన్నారు. రాత్రి డ్యూటీలో ఒక సిస్టర్ ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్లిన ప్రతిసారీ శానిటైజర్ రుద్దుకునేది. వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి ఎర్రగా ఉండేది. రుద్దినప్పుడల్లా ఒక్క క్షణం పెదవి బిగబట్టి, మళ్లీ సెలైన్ చూసేది. ఏ లెక్కల పట్టికలో పడుతుంది ఆ పెదవి? ఒక సిస్టర్‌కి ఎన్ని మంచాలు ఇచ్చారు, బాటిల్ ఖాళీగా ఉందా, చర్మానికి రాసుకునే క్రీమ్ ఉందా అని చూడకుండా ‘ఫలానా నర్సు 12 సార్లు మానేసింది’ అని చెప్పే యంత్రం అన్యాయమైనది. మీ భయం సరైనదే.

కానీ కొలవకుండా ఉండడం కూడా సాధ్యం కాదు. 1847లో వియన్నా ఆస్పత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, డాక్టర్లు చూసే ప్రసూతి వార్డులో బాలింతలు ఎక్కువగా ఎందుకు చనిపోతున్నారో, మంత్రసానులు చూసే వార్డులో ఎందుకు తక్కువో లెక్కలు పక్కపక్కన పెట్టి చూశాడు. శవపరీక్ష గది నుంచి వచ్చేవాళ్లు క్లోరిన్ కలిపిన ద్రావణంతో చేతులు కడగాలన్నాడు. ఏప్రిల్‌లో 18 శాతం ఉన్న మరణాలు జూన్, జులై నెలలకి 2 శాతం దరిదాపుల్లోకి వచ్చాయి. అయినా చాలామంది డాక్టర్లు ఒప్పుకోలేదు, తప్పు తమదే అన్నట్టు వినిపించింది కాబట్టి. లెక్క తప్పు కాదు, చెప్పిన తీరు వాళ్లకి గుచ్చుకుంది. ఇవాళ కూడా మామూలు పద్ధతిలో ఒకరు పెన్నూ కాగితం పట్టుకుని వార్డులో నిలబడి చూస్తారు. తనిఖీ రోజున అందరం ఎలా ఉంటామో మీకు చెప్పనక్కర్లేదు. చూసేవాళ్లు వెళ్లిపోయాక ఏం జరుగుతుందో తెలియదు. సెన్సర్ల మీద ఆశ అందుకే.

అందుకని అమ్మాయి రిపోర్టులో ఒక అధ్యాయం మీరు చెప్పగా ఆమె రాయాలి. వార్డు మొత్తం లెక్క మాత్రమే పైకి వెళ్లాలా, ఎవరి లెక్క వాళ్లకే ముందు చూపించాలా, పేర్లు ఎన్నాళ్లు ఉంచాలి, బాటిల్ ఖాళీ అయితే ఎవరికి మెసేజి వెళ్లాలి, ఇవన్నీ మీరు చెప్పాల్సినవి. వ్యక్తుల డేటా గురించి 2023లో చట్టమే వచ్చింది, దాన్నీ చదవమనండి. ఆస్పత్రిలో డేటా తీసుకోవాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి, సిబ్బంది రాతపూర్వక అంగీకారం ఉండాలి. అది వచ్చేదాకా వార్డు జోలికి పోవద్దు. ఇంట్లో, హాస్టల్లో, మీ తోటి సిస్టర్ల ఇళ్లలో డ్యూటీ లేని వేళ మొదలుపెట్టొచ్చు. ఇరవై మంది చాలు. పద్దెనిమిదేళ్లవాళ్లూ ఉండాలి, యాభై దాటినవాళ్లూ ఉండాలి, ఎడమచేతివాటం ఉన్నవాళ్లు ఒకరిద్దరు ఉండాలి. చేతులు మాత్రమే కనిపించేలా ఫోన్‌లో వీడియో తీసుకుంటే తర్వాత ఏ సెకనులో ఏం జరిగిందో గుర్తులు పెట్టుకోవచ్చు.

ఈ ఆదివారం మీ ఇద్దరూ వంటింట్లోనే కూర్చోండి. పట్టీ మీ చేతికి కట్టి, శానిటైజర్ పదిసార్లు, సబ్బుతో పదిసార్లు, పిండి ఒకసారి, గిన్నెలు ఒకసారి రికార్డు చేయమనండి. గాజులతో ఒకసారి, గాజులు తీసి ఒకసారి.