ఆటిజం ఉంటే నా నిర్ణయం నాది కాకుండా పోతుందా?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. ఎనిమిదో ఏట ఆటిజం అని తేల్చారు. పుట్టినప్పుడు అమ్మాయి అని రాశారు గానీ నేను అబ్బాయిని. ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం కోసం వెళ్తే, అక్కడి ఉద్యోగి నన్ను పక్కనబెట్టి ప్రశ్నలన్నీ అమ్మనే అడిగారు. ‘ఇదంతా ఆటిజం వల్లే’ అంటూ ఇంట్లోవాళ్లు గార్డియన్‌షిప్ (నా తరఫున నిర్ణయాలు తీసుకునే చట్టపరమైన అధికారం) తీసుకుంటామంటున్నారు. అప్పుడు నా మాట చెల్లదా?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. 18 నిండినవారికి తల్లిదండ్రులు వాళ్లంతట వాళ్లే గార్డియన్లు అయిపోరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. మీకూ అందరితో సమానంగా చట్టపరమైన సామర్థ్యం ఉందని దాని 13వ సెక్షన్ చెబుతోంది. 14వ సెక్షన్ కింద గార్డియన్‌ను పెట్టాలంటే, తగిన సాయం అందినా మీరు నిర్ణయించుకోలేకపోతున్నారని తేలాలి. పెట్టినా ఫలానా విషయానికి, ఫలానా గడువు వరకే. అదీ మీ ఇష్టానికి లోబడే.

చిక్కంతా 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంతోనే. ఆటిజం ఉన్నవారికి గార్డియన్ కావాలని మీవాళ్లు జిల్లాలోని స్థానిక స్థాయి కమిటీని అడగవచ్చు. అయితే గార్డియన్ అవసరమా, ఏ పనికి అన్నది కమిటీ చూడాల్సిందే. నోటీసు వచ్చేదాకా ఆగకండి. ‘నన్ను నేరుగా వినకుండా ఏ ఉత్తర్వూ ఇవ్వవద్దు’ అని ఇప్పుడే రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

గుర్తింపు పత్రం సంగతి. జెండర్ ఏమిటన్నది వ్యక్తే చెప్పుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లో నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) కేసులో చెప్పింది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ చట్టంలో ఆటిజం ఉంటే అనర్హులన్న మాట ఎక్కడా లేదు. ఆటిజం రిపోర్టు దాచకండి, దాస్తే అనుమానం పెరుగుతుంది, అంతే.

కళ్లలోకి చూసి గబగబా జవాబు చెప్పకపోతే ‘ఈ పిల్లాడికేం తెలుసు’ అనుకునేవారిని నేను చాలామందిని చూశాను. ఈసారి ఒక కాగితం పట్టుకెళ్లండి: ‘నాకు ఆటిజం ఉంది. ప్రశ్నలు ఒక్కొక్కటిగా రాసి అడగండి. జవాబుకు సమయం ఇవ్వండి. నా బదులు ఇంకెవరినీ అడగవద్దు.’ కింద దివ్యాంగుల చట్టం, 3వ సెక్షన్ అని రాయండి. ఇలాంటి వెసులుబాటు కల్పించేలా చూడటం ప్రభుత్వ బాధ్యత అని ఉన్నది అందులోనే. తోడుగా ఎవరుండాలో మీరే ఎంచుకోండి, అమ్మే కానక్కర్లేదు.

లాయరు ఖర్చు గురించి బెంగ వద్దు. ఆదాయంతో పని లేకుండా దివ్యాంగులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.